ఇంట్లో ఒక్కరే పాడుకుని రికార్డ్ చేసుకోవడానికి ఏది ముందు కొనాలి, ఏది అసలు వద్దు

మీరు అడిగింది ఇదీ: ఎకౌస్టిక్ గిటార్ వాయిస్తూ పాడతారు, అప్పుడప్పుడు చిన్న కీబోర్డ్ కూడా, ఉన్నది ఒక పడగ్గది, ఒక లాప్‌టాప్. ఇన్నాళ్ళూ ఫోన్‌లోనే లాగించేశారు, ఇప్పుడు కాస్త పద్ధతిగా చేద్దామని మంచి కండెన్సర్ మైక్ (కరెంటు ఇస్తే పనిచేసే సున్నితమైన రకం) ఏది, ఇంటర్‌ఫేస్‌కి (మైక్‌ని లాప్‌టాప్‌కి కలిపే డబ్బా) ఎన్ని ఇన్‌పుట్లు ఉండాలి, మానిటర్ స్పీకర్లు (మిక్స్ చేసేటప్పుడు వినే స్పీకర్లు) కూడా ఇప్పుడే తీసుకోవాలా, పాతవి కొనొచ్చా అంటున్నారు. అన్నిటికీ చెప్తాను కానీ మీరు అడిగిన వరసలో కాదు, ఎందుకంటే ఆ వరసలోనే నేనూ కొన్నాను, కొని రెండేళ్ళు చేతులు కాల్చుకున్నాను.

నేను మొట్టమొదట కొన్నది పెద్ద డయాఫ్రమ్ (శబ్దానికి కదిలే లోపలి పలచటి పొర) ఉన్న కండెన్సర్ మైక్. వీడియోల్లో చూసి మురిసిపోయి కొన్నా. పెట్టె విప్పి కేబుల్ గుచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని హలో అంటే చప్పుడు లేదు. గంటసేపు కేబుల్ మార్చా, పోర్ట్ మార్చా, లాప్‌టాప్ రీస్టార్ట్ చేశా, ఆఖరికి మైక్ చచ్చిందని అమ్మినవాళ్ళకి ఘాటుగా ఒక మెయిల్ కూడా కొట్టేశా. ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ ఒకటి ఉంటుందని, దాన్ని నొక్కితే తప్ప కండెన్సర్‌కి ప్రాణం రాదని అప్పటికి తెలీదు. సరే, అది నవ్వుకునే విషయం. ఏడ్చిన విషయం వేరే ఉంది. వారం రోజులు కూర్చుని నాలుగు పాటలు పాడి, మిక్స్ చేద్దామని కంప్రెసర్ ప్లగిన్ (గట్టి శబ్దాన్నీ మెల్లటి శబ్దాన్నీ దగ్గర చేసే సాఫ్ట్‌వేర్) వేసి లెవెల్ పెంచేసరికి ప్రతి పాట కిందా సన్నగా మ్‌మ్‌మ్ అని ఒకటే మూలుగు, అడక్కుండానే ఎవరో పక్కన కూర్చుని తంబూరా మీటుతున్నట్టు, అదీ నా శ్రుతిలో కాదు. ఏంటా అని చూస్తే పక్క గదిలో ఫ్రిజ్. అంటే ఫ్రిజ్ కంప్రెసర్‌ని నా కంప్రెసర్ పట్టిచ్చిందన్నమాట. పాడేటప్పుడు నాకది వినపడనే లేదు, మన చెవి రోజూ ఉండే చప్పుడుని పట్టించుకోవడం మానేస్తుంది, మైక్‌కి ఆ మర్యాద తెలీదు.

అందుకే డబ్బులు తియ్యకముందు ఒక పని చెయ్యండి. మీరు మామూలుగా ఏ టైమ్‌లో రికార్డ్ చేస్తారో ఆ టైమ్‌లోనే, ఏ చోట కూర్చుంటారో ఆ చోటే ఫోన్ పెట్టి ఏమీ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డ్ చేయండి. ఇయర్‌ఫోన్స్‌లో వాల్యూమ్ పెంచి వినండి. ఫ్యాన్, ఏసీ, ఫ్రిజ్, రోడ్డు, లాప్‌టాప్ లోపలి చిన్న ఫ్యాన్, గోడ గడియారం, ఒక్కొక్కటి ఆపి మళ్ళీ వినండి. తర్వాత గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్ కొట్టండి. టప్ అని అక్కడే ఆగిపోతే మీ అదృష్టం. ట్ర్‌ర్‌ర్ అని రేకు మోగినట్టు తోక వస్తే ఎదురెదురుగా ఉన్న రెండు ఖాళీ గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటోందని అర్థం. ఈ రెండు పరీక్షలూ అయ్యాక మైక్ గురించి మాట్లాడితే సగం గొడవ తగ్గిపోద్ది.

ఎందుకంటే మైక్ స్పెసిఫికేషన్లలో జనం కొట్టుకునే సెల్ఫ్ నాయిస్ (మైక్ తనంతట తాను చేసే సన్నటి చప్పుడు) అనే అంకె మన ఇళ్ళలో పెద్దగా పనికొచ్చేది కాదు. రోడ్ అనే కంపెనీ ఎన్‌టీ1 మైక్‌కి అది 4.5 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత), ఆడియో టెక్నికా ఏటీ2020కి 20 డీబీ. కాగితం మీద చూస్తే ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. కానీ బాగా నిశ్శబ్దంగా ఉందనుకునే పడగ్గదిలోనే 30 డీబీ దాకా చప్పుడు ఉంటుంది. డీబీలు మామూలు కూడికలా కలవవు, 30కి 20 కలిపితే 30.4 అవుతుంది, అంతే. అంటే ఆ మైక్ చేసే నాయిస్ గది చప్పుడులో కలిసి మాయమైపోతుంది. చాలా మెల్లగా వాయించే గిటార్‌ని దూరం నుంచి తీస్తుంటే మాత్రం ఆ సన్నటి హిస్ పైన తేలి కొంచెం తెలుస్తుంది, లేదనను, కానీ దాన్ని చూసుకుని రెట్టింపు డబ్బు పెట్టే స్టేజ్‌లో మీరు లేరు.

ఇక డైనమిక్ మైక్ (48 వోల్టులు అక్కర్లేని రకం) గది శబ్దాన్ని పట్టదు, కండెన్సర్ పట్టేస్తుంది అనే మాట. ఇది సగం నిజం, సగం పుకారు. ఒకే పికప్ ప్యాటర్న్ (ఏ వైపు శబ్దాన్ని ఎంత పడుతుందన్న తీరు) ఉన్న రెండు మైకుల్ని ఒకే దూరంలో పెట్టి గొంతు లెవెల్ సమానం చేసి వింటే గది రెండింట్లోనూ ఇంచుమించు అంతే వినిపిస్తుంది. మరి తేడా ఎక్కడ అంటే వాడే తీరులో. ష్యూర్ ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైక్‌ని అందరూ మూతికి బెత్తెడు దూరంలో పెట్టి పాడతారు, కండెన్సర్‌ని మూరెడు దూరంలో పెడతారు, తేడా అంతా ఆ దూరానిది. దూరం సగం చేసిన ప్రతిసారీ మీ గొంతు మైక్ దగ్గర 6 డీబీ పెరుగుతుంది, గది మోత మాత్రం ఎక్కడున్నా ఇంచుమించు అంతే. అంటే 40 సెంటీమీటర్ల నుంచి 10 సెంటీమీటర్లకి వచ్చారంటే గది మీద 12 డీబీ గెలిచినట్టే, పైసా ఖర్చు లేకుండా. ఊరికే కాదులెండి, దగ్గరికొచ్చేకొద్దీ గొంతులో బేస్ ఉబ్బుతుంది, ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు, ఎఫ్ఎమ్ రేడియో గొంతులా అవుతుంది. అది కొందరికి అందం, కొందరికి బురద. ఈక్యూలో (పై స్వరాలూ కింది స్వరాలూ పెంచి తగ్గించేది) కింద కొంచెం కోస్తే సరిపోద్ది.

ఇంకోటి, ఈ మైకులు ఎక్కువగా కార్డియాయిడ్, అంటే ముందు వైపే బాగా వినే రకం, వెనక వైపు దాదాపు చెవిటివి. కాబట్టి లాప్‌టాప్ ఫ్యాన్ గానీ కిటికీ గానీ మైక్ వీపు వైపు ఉండేలా తిప్పుకోండి. సూపర్ కార్డియాయిడ్ అయితే, అంటే బీటా 58ఏ లాంటివి, అది సరిగ్గా వెనక కాదు, కొంచెం పక్కకి ఉంటుంది చెవిటి చోటు, సుమారు 126 డిగ్రీల దగ్గర. మైక్ కొన్నాక మాన్యువల్‌లో ఆ గుండ్రటి బొమ్మ చూడండి, జనం చూడకుండా పక్కన పడేసే కాగితం అది, నిజానికి అందులో పనికొచ్చే బొమ్మ అదొక్కటే.

సరే మరి ఏ మైక్? మీ నిమిషం రికార్డింగ్‌లో చప్పుడు గట్టిగా ఉంటే, ఆపలేని ఫ్యాన్ ఉంటే, గొంతే మీకు ముఖ్యం అయితే, ష్యూర్ ఎస్‌ఎం57 గానీ 58 గానీ తీసుకోండి. 57 వచ్చింది 1965లో, 58 వచ్చింది 1966లో, ఇప్పటికీ అవే అమ్ముతున్నారంటే ఆలోచించండి. రెండింటి లోపలా ఉన్నది ఒకే వంశం క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే భాగం), 58కి మూతి దగ్గర గుండ్రటి జాలీ ఉండటం వల్ల పాడేటప్పుడు గాలి దెబ్బ కొంచెం తగ్గుతుంది, 57 గిటార్‌కి దగ్గరగా పెట్టడానికి వీలు. గది నిజంగా నిశ్శబ్దంగా ఉండి, గిటార్ వేళ్ళతో మెల్లగా మీటే రకం పాటలైతే కండెన్సర్ తీసుకోండి, నేను పైన చెప్పిన రెండిట్లో ఏదైనా సరే. డైనమిక్ కంటే దాని సిగ్నల్ 20 డీబీ దాకా ఎక్కువ వస్తుంది కాబట్టి ఇంటర్‌ఫేస్ గెయిన్ (సిగ్నల్ పెంచే నాబ్) తక్కువలోనే పనైపోతుంది, తీగ మీద వేలు జారే చిన్న చప్పుడు కూడా అందంగా వస్తుంది.

పాడ్‌కాస్టుల్లో కనిపించే ఆ పెద్ద నల్ల మైక్, ఎస్‌ఎం7బీ, దాని మీద కూడా మీ కన్ను ఉండే ఉంటుంది. మంచి మైకే. కానీ దానికి దాదాపు 60 డీబీ గెయిన్ కావాలి, మామూలు గొంతుతో పాడితేనే. 56 డీబీ దగ్గర ఆగిపోయే ఇంటర్‌ఫేసులు బోలెడున్నాయి, వాటికి గుచ్చితే నాబ్ చివరిదాకా తిప్పినా గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉంటుంది, అప్పుడు మళ్ళీ మధ్యలో పెట్టే బూస్టర్ ఇంకోటి కొనాలి. గోచీ కోసం ఆవుని కొన్న సన్యాసి కథ అవుతుంది. వద్దు ఇప్పుడు.

యూఎస్‌బీ మైక్ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దాన్ని ఈసడించుకునేవాళ్ళు ఎక్కువ. గొంతు ఒక్కటే రికార్డ్ చేసేవాళ్ళకి అది చాలా మర్యాదైన వస్తువు, మైక్‌కే హెడ్‌ఫోన్ జాక్ ఉన్నది చూసి తీసుకుంటే చాలు. మీకెందుకు వద్దంటున్నానంటే మీకు గిటార్ ఉంది, కీబోర్డ్ ఉంది. రేపు రెండో మైక్ కావాలంటే ఇంకో యూఎస్‌బీ మైక్ పెట్టడం కుదరదు, ఒక్కోదానికి ఒక్కో క్లాక్, కంప్యూటర్‌లో రెండూ ఒకేసారి నడపడం పెద్ద తలనొప్పి.

ఇంటర్‌ఫేస్‌కి రెండు ఇన్‌పుట్లు. నాలుగు వద్దు, ఎనిమిది అసలే వద్దు, మీరు ఒక్కరే కదా, ఎన్ని చేతులున్నాయి మీకు? రెండు ఎందుకంటే గొంతు ఒకదాంట్లో గిటార్ ఒకదాంట్లో పెట్టి ఒకేసారి తియ్యొచ్చు, కీబోర్డ్ స్టీరియోగా కావాలంటే రెండూ దానికే ఇవ్వొచ్చు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలోలో కూడా రెండు ఇన్‌పుట్లు ఉన్నాయి కానీ మైక్ ప్రీయాంప్ (మైక్ సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం) ఒక్కటే, అదే స్కార్లెట్ 2ఐ2లో రెండు మైకులు పెట్టొచ్చు. ఆ తేడాకి పెట్టే డబ్బు మాత్రం పెట్టండి, ఎందుకంటే రెండో మైక్ మీద మనసు పుట్టడానికి ఆర్నెల్లు కూడా పట్టదు. ఆ కంపెనీదే కానక్కర్లేదు, మోటూ, ఆడియెంట్, యమహా స్టైన్‌బర్గ్, ఏదైనా సరే, ఈ స్థాయిలో ప్రీయాంపుల సౌండ్‌లో తేడా కళ్ళు మూసుకుని చెప్పేవాళ్ళు నాకైతే ఇంకా తగల్లేదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. మీ ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఆ కంపెనీ సొంత డ్రైవర్ ఇస్తోందా, విండోస్ అయితే ఆసియో డ్రైవర్ (శబ్దం ఆలస్యం తగ్గించే రకం) ఉందా. గిటార్ జాక్ నేరుగా గుచ్చడానికి ఇన్‌స్ట్రుమెంట్ అని స్విచ్ ఉందా, ఎందుకంటే గిటార్ పికప్‌కి (తీగల మోతని సిగ్నల్‌గా మార్చే, గిటార్‌లో బిగించే భాగం) లక్షల ఓముల ఇంపెడెన్స్, అంటే కరెంటుకి అడ్డు, ఉన్న ఇన్‌పుట్ కావాలి, లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పై స్వరాలన్నీ దుప్పటి కప్పినట్టు అయిపోతాయి. ఇంకా డైరెక్ట్ మానిటర్ అనే బటన్ ఉందా.

ఆ చివరిది ఎందుకంత ముఖ్యమో చెప్తా. మీరు పాడింది ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్ళి, కంప్యూటర్‌లోకి వెళ్ళి, మళ్ళీ తిరిగి మీ చెవిలోకి రావడానికి టైమ్ పడుతుంది. బఫర్ (కంప్యూటర్ ఒక్కసారి తీసుకునే శబ్దం మూట) 128 శాంపిల్స్ పెట్టి 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిల్స్‌తో, నడిపితే ఒక్క బఫర్‌కే 2.7 మిల్లీసెకన్లు, 512 పెడితే 10.7, ఇది లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఒకసారి, మధ్యలో డ్రైవర్ తినేది వేరే. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి గిటార్ వాయించేవాడికి పది మిల్లీసెకన్లంటే మూడున్నర మీటర్ల దూరంలో ఉన్న యాంప్‌ని వింటున్నట్టు, అదేం పెద్ద ఇబ్బంది కాదు. కానీ పాడేవాళ్ళ సంగతి వేరు. మీ గొంతు మీకు పుర్రె ఎముకలోంచి అప్పటికప్పుడే వినిపిస్తుంది, హెడ్‌ఫోన్‌లోంచి కాసేపాగి వచ్చేది దాంతో కలిస్తే గొట్టంలో పాడుతున్నట్టు బోలుగా అయిపోతుంది, శ్రుతి నిలబడదు, తప్పు మీదనుకుంటారు. డైరెక్ట్ మానిటర్ నొక్కితే మీ గొంతు కంప్యూటర్ గడప తొక్కకుండానే చెవికి వచ్చేస్తుంది. ఆ నొక్కినప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ ట్రాక్ మానిటరింగ్ ఆపెయ్యండి, లేకపోతే రెండు గొంతులు వినిపిస్తాయి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌తో మాత్రం రికార్డింగ్ జోలికి పోకండి, వాటి ఆలస్యం ఏకంగా వందల మిల్లీసెకన్లలో ఉంటుంది.

సెట్టింగుల్లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టి మర్చిపోండి. 192 పెడితే క్వాలిటీ నాలుగింతలు అవదు, ఫైల్ సైజ్ మాత్రం నాలుగింతలు అవుద్ది, నిమిషానికి ఒక్క మోనో ట్రాక్ 8.6 ఎంబీ ఉండేది 34 దాటుతుంది. 44.1లోనే 22 కిలోహెర్ట్జ్ దాకా పడుతుంది, మనిషి చెవి ఎంత గొప్పదైనా 20 దగ్గర ఆగిపోతుంది, అదీ చిన్నపిల్లలకి. ఇక గెయిన్ విషయంలో, ఎర్ర లైట్ అంచుదాకా తీసుకెళ్ళాలనే పాత సలహా టేప్ కాలంది, 16 బిట్ కాలంది. 24 బిట్‌లో లెక్క ప్రకారం 144 డీబీ చోటుంది, మీరు పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే లైన్ పాడుతూ మీటర్ మీద మైనస్ 12 డీబీ దగ్గర పెట్టుకోండి, రికార్డ్ నొక్కాక ఎలాగూ మనిషి ఇంకాస్త ఊపుతో పాడతాడు, ఆ చోటు దానికి కావాలి. తక్కువ రికార్డ్ అయితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలితే అతుక్కోదు.

హెడ్‌ఫోన్స్. మీరు అడగలేదు, కానీ నన్నడిగితే మైక్ కంటే ముందు కొనాల్సింది ఇదే, తేలిగ్గా తీసుకుని చెడగొట్టుకునేది కూడా ఇదే. పాడేటప్పుడు వెనక మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ కావాలి, లేకపోతే చెవిలో వచ్చే క్లిక్ (తాళం లెక్క చెప్పే టిక్ టిక్) మైక్‌లో పడుతుంది, నా మొదటి ఏడాది పాటల్లో నిశ్శబ్దంగా ఉండే చోటల్లా టిక్ టిక్ టిక్ ఉంటుంది, ఇప్పటికీ తీయలేక వదిలేశా. సోనీ ఎండీఆర్ 7506 ఉంది, 1991 నుంచీ ఉంది, వంగదు విరగదు, పై స్వరాలు కొంచెం గుచ్చుతాయి కానీ తప్పుల్ని దాచదు. ఆడియో టెక్నికా ఏటీహెచ్ ఎం50ఎక్స్ వినడానికి హాయిగా ఉంటుంది, బేస్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 తీసుకుంటే 80 ఓముల రకం తీసుకోండి, 250 ఓములది చిన్న ఇంటర్‌ఫేస్ మీద నీరసంగా మోగే అవకాశం ఉంది. మిక్స్ చెయ్యడానికి వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ ఇంకా బాగుంటాయి, సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటివి, అవి తర్వాత సంగతి. ఏది కొన్నా కొన్న వారం రోజులూ మీకు బాగా తెలిసిన పాటలే వినండి, వాటిల్లో బేస్ ఎంత, గొంతు ఎక్కడ ఉందో చెవికి అలవాటవ్వాలి.

ఇప్పుడు మానిటర్ స్పీకర్లు. వద్దు. కారణం స్పీకర్లు కాదు, గది. మీ గది పొడవు మూడున్నర మీటర్లకి అటూ ఇటూగా ఉందనుకుందాం, 3.43 అనుకోండి లెక్క తేలిగ్గా ఉంటుంది, ఆ పొడవుకి 50 హెర్ట్జ్ దగ్గర శబ్దం అల నిలబడిపోతుంది. గోడ దగ్గర అది ఉరుముతుంది, గది సరిగ్గా మధ్యలో మాయమైపోతుంది. బేస్ గిటార్ లావు తీగ మీద మూడో ఫ్రెట్ (మెడ మీది అడ్డ మెట్టు) నొక్కితే వచ్చే జీ స్వరం 49 హెర్ట్జ్. అంటే మీరు కుర్చీ ఎక్కడ వేశారన్న దాన్ని బట్టి ఆ ఒక్క స్వరం ఉంటుంది లేదా ఉండదు, మీరేమో లేదని పెంచుతారు, ఇంకొకరి కారులో అది అద్దాలు అదరగొడుతుంది. ఎంత ఖరీదైన స్పీకర్ పెట్టినా ఇది మారదు. ఆ డబ్బుతో హెడ్‌ఫోన్స్ ఒక మెట్టు పైవి తీసుకోండి.

గది గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి ఆ నల్ల ఫోమ్ ముక్కల మాట. నేనూ ఒక గోడంతా అంటించా. 5 సెంటీమీటర్ల మందం ఫోమ్ గట్టిగా పనిచేసేది 1700 హెర్ట్జ్ పైన, కిందికి పోయేకొద్దీ దాని పట్టు సడలిపోతుంది, 100 హెర్ట్జ్ అల పొడవే 3.4 మీటర్లు, దానికి ఈ ఫోమ్ అసలు అడ్డమే కాదు. ఫలితం ఏంటంటే పైనున్న మెరుపు చచ్చిపోయి కిందున్న బురద అలాగే మిగిలింది, గొంతు డబ్బాలో పెట్టినట్టు. పైగా నేను దాన్ని అంటించింది మైక్ వెనక గోడకి. తలకాయ లేని పని. కార్డియాయిడ్ మైక్ చూసేది మీ వైపు, అంటే దానికి కనిపించేది మీ వెనకున్న గోడ, మందంగా ఏదైనా పెట్టాల్సింది అక్కడ. పరుపు నిలబెట్టండి, లావు బొంతలు రెండు మడతలేసి గోడకి బెత్తెడు ఎడంగా వేలాడదీయండి, బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి దానికి వీపు పెట్టి పాడండి. చూడ్డానికి బాగోదు, వినడానికి ఫోమ్ కంటే బాగుంటుంది. మూలలో మాత్రం కూర్చోవద్దు, గది మధ్యలో కూడా వద్దు.

స్టాండ్ మంచిది కొనండి, బరువైన మైక్ పెట్టినా వాలిపోనిది. పాట మధ్యలో మైక్ నెమ్మదిగా తలొంచుకుంటూ పోతుంటే వచ్చే కోపం మామూలుగా ఉండదు. పాప్ ఫిల్టర్ కావాలి, మన భాషలో ఫలం, భయం, పాపం అన్న ప్రతిసారీ గాలి గుద్దు ఉంటుంది, ఫిల్టర్‌తో పాటు మైక్‌ని మూతికి తిన్నగా కాకుండా కాస్త పక్కకి పెట్టి నోటివైపు వాల్చితే సగం పోతుంది. కేబుల్ ఎక్స్‌ఎల్‌ఆర్ 3 మీటర్లది, బంగారు పూతలు అక్కర్లేదు, దాని లోపల రెండు తీగల్లో ఒకదానికొకటి తిరగేసిన సిగ్నల్ పోతుంది, దారిలో అంటుకున్న హమ్ అవతలి చివర కొట్టేసుకుపోతుంది, మామూలు కేబుల్ కూడా ఆ పని బానే చేస్తుంది. గిటార్ జాక్ కేబుల్‌కి ఆ సుఖం లేదు కాబట్టి దాన్ని పొట్టిగా ఉంచండి. ఎప్పుడైనా బుర్ర్ అని వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి, చాలాసార్లు దొంగ అదే.

సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ మాట్లాడను. మ్యాక్ అయితే గరాజ్‌బ్యాండ్ ఉండనే ఉంది. లేకపోతే రీపర్, 60 రోజులు పూర్తిగా వాడి చూసుకోవచ్చు, తేలిగ్గా నడుస్తుంది. ఆడాసిటీ కోతలు కొయ్యడానికి బాగుంటుంది కానీ కీబోర్డ్‌తో మిడీ వాయించి ట్రాక్స్ కట్టాలంటే అది దాని పని కాదు. కీబోర్డ్‌కి యూఎస్‌బీ ఉంటే నేరుగా లాప్‌టాప్‌కి పెట్టెయ్యండి, మిడీలో శబ్దం ఉండదు, ఏ కీ ఎప్పుడు ఎంత గట్టిగా నొక్కారన్న కబురు ఒక్కటే పోతుంది, 1983 నుంచీ అదే పద్ధతి, కాబట్టి వాయించాక కూడా పియానో తీసేసి ఆర్గన్ పెట్టుకోవచ్చు.

ఇప్పుడు గిటార్‌కి మైక్ ఎక్కడ పెట్టాలో కొంచెం నిదానంగా చెప్తా, ఎందుకంటే కొత్త మైక్ కొంటే వచ్చే తేడా కంటే ఇక్కడ జానెడు అటూ ఇటూ జరిపితే వచ్చే తేడా ఎక్కువ. అందరూ చేసే తప్పు సౌండ్ హోల్‌కి (గిటార్ పొట్ట మీది గుండ్రటి రంధ్రం) ఎదురుగా పెట్టడం, శబ్దం అక్కణ్ణించే కదా వచ్చేది అని. వచ్చేది అక్కణ్ణించి గాలి మోత, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల బుం బుం అని. మెడ పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా జానెడు దూరంలో మొదలుపెట్టండి, మైక్ ముక్కు మెడా పొట్టా కలిసే చోటికి చూస్తుండాలి. ఒక్కరే ఉన్నప్పుడు చిక్కేంటంటే వాయిస్తూ వినలేరు, ఎదురుగానే గిటార్ మోగుతుంటే హెడ్‌ఫోన్‌లో ఏం తెలుస్తుంది. అందుకని నేను చేసేది, రికార్డ్ నొక్కి వదిలేసి నోటితోనే చెప్తా, ఒకటో చోటు, పన్నెండో ఫ్రెట్, జానెడు అని, అవే నాలుగు కార్డులు (కలిపి మీటే స్వరాల గుంపులు) ఒక అరనిమిషం వాయిస్తా. లేచి మైక్ రెండు వేళ్ళంత పొట్ట వైపు జరుపుతా, రెండో చోటు అంటా, మళ్ళీ అవే కార్డులు అంతే బలంతో. తర్వాత జానెడున్నర దూరం. తర్వాత కుడి భుజం మీదుగా, నా చెవి ఎత్తులో నుంచి కిందికి చూస్తూ. తర్వాత బ్రిడ్జ్ (పొట్ట మీద తీగలు కట్టే చెక్క) వెనక పొట్ట వైపు. అయిదారు చోట్లు అయ్యాక టీ కప్పు తెచ్చుకుని కూర్చుని లెవెల్ అన్నీ సమానం చేసి వింటా, గట్టిగా ఉన్నదే బాగున్నట్టు చెవి మోసం చేస్తుంది కాబట్టి సమానం చెయ్యడం మర్చిపోవద్దు. నా గిటార్‌కి భుజం మీద చోటు గెలిచింది, పుస్తకాల్లో చెప్పేది పన్నెండో ఫ్రెట్. గెలిచిన చోటుకి స్టాండ్ కాళ్ళ కింద నేల మీద టేప్ ముక్కలు అంటించుకోండి.

పాడటం వాయించడం ఒకేసారా విడివిడిగానా అంటే, విడిగా చేస్తే మిక్స్ తేలిక, ముందు క్లిక్‌తో గిటార్, తర్వాత గొంతు. కానీ కొంతమందికి గిటార్ చేతిలోంచి తీసేస్తే పాటలో ప్రాణం పోతుంది, నేనా బాపతే. అలాంటప్పుడు ఒకే మైక్ ఛాతీ ఎత్తులో రెండు జానల దూరంలో పెట్టి, గొంతు ఎక్కువైతే మైక్ కిందికి, గిటార్ ఎక్కువైతే పైకి జరుపుకుంటూ ఒక్క టేక్‌లో కొట్టెయ్యండి. తర్వాత మార్చడానికి ఏమీ ఉండదు, అది కూడా ఒక సుఖమే. దీనికి గది నిశ్శబ్దంగా ఉండాలి మరి, దూరం పెరిగింది కదా.

పాతవి కొనొచ్చా అని చివర్లో అడిగారు. డైనమిక్ మైక్ కళ్ళు మూసుకుని కొనొచ్చు, అనబోయి ఆగాను, 58కి నకిలీలు బాగా తిరుగుతుంటాయి, కాబట్టి కళ్ళు తెరుచుకునే కొనండి, పాడి చూసి తీసుకోండి. కండెన్సర్ అయితే తేమకి, దుమ్ముకి క్యాప్సూల్ పాడై ఉండొచ్చు, హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక నిమిషం నిశ్శబ్దంగా వినండి, చిటపట వినిపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. పాత ఇంటర్‌ఫేస్‌కి మీ ఇప్పటి విండోస్‌కో మ్యాక్‌కో డ్రైవర్ ఉందో లేదో కొనకముందే చూసుకోండి, నేను ఒకటి అలా కొని ఇప్పుడు దాన్ని పుస్తకాలు పడిపోకుండా ఆనించడానికి వాడుతున్నా.

కాబట్టి మీ లిస్ట్‌లోంచి మానిటర్లు, ఎస్‌ఎం7బీ, ఫోమ్ కొట్టెయ్యండి. హెడ్‌ఫోన్స్, రెండు మైక్ ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్, స్టాండ్, కేబుల్ ముందు తెచ్చుకోండి, మైక్ ఏదన్నది ఆ నిమిషం రికార్డింగ్ చేశాక తేల్చుకుందాం. అందులో ఏం వినిపించిందో చెప్పండి, ఆపగలిగే చప్పుడా ఆపలేనిదా, చప్పట్‌కి తోక వచ్చిందా లేదా. గిటార్‌లో పికప్ ఉందో లేదో కూడా రాయలేదు మీరు, ఉంటే బ్యాటరీ వేసేదా కాదా చూసి చెప్పండి, దాన్ని బట్టి రెండో ఇన్‌పుట్ సంగతి మారుతుంది.